నీటిబొట్టులో సముద్రం ఎంత?

“‘లెక్కలేనన్ని’ అంటే ‘అనంతం’ కాదు. మా మేనత్త పెళ్లికి లెక్కలేనంత మంది వచ్చారు. అయినా అన్నం అందరికీ సరిపోయింది. ఆధారం చాలదు. కేసు కొట్టేస్తున్నాను. ఇట్లు, తబో.”

రోడెల్ ఆ నాలుగు ముక్కలూ చదివి, చేతిలోని బాచోయ్ గిన్నె బల్ల మీద ఠక్కున పెట్టాడు. వేడి పులుసు కీబోర్డు మీద చిందింది. గిన్నెలో నూడుల్స్ చల్లారిపోతున్నా అతనికి పట్టలేదు.

“తబో అట తబో! స్నానాల గదిలో చెంబు పేరు పెట్టుకున్నవాడు అనంతాన్ని కొలుస్తాడా?” అన్నాడు పైకే.

ప్రెస్సులో పక్క సీటు బోయెత్ తల తిప్పకుండానే, “చెంబుతోనే కదరా కొలుస్తారు” అన్నాడు.

ఇలోయిలో అనే ఊళ్లో, హారో పేటలో, పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఫ్లెక్సీలు వేసే ప్రెస్సు అది. రోడెల్ అక్కడ డిజైన్లు చేస్తాడు. పగలంతా పెళ్లికూతుళ్ల బుగ్గల మీద మొటిమలు చెరపడం, సాయంత్రమైతే ఇంటర్నెట్‌లో లోకాలు కొలవడం, ఇదీ అతని జీవితం.

లోకాలు కొలిచే గుంపు ఒకటుంది. బొమ్మల కథ కానీ, నవల కానీ, వీడియో గేమ్ కానీ, అందులో ఒక లోకమంటూ ఉంటే చాలు. అది భూమంత ఉందా, విశ్వమంతా, విశ్వాల గుంపంతా? దానికి డైమెన్షన్లు మూడా, నాలుగా, అంతకు మించా? ఎవరో ఒకరు ఆధారాలు పెట్టి వాదిస్తారు. జడ్జీలు తీర్పు చెప్తారు. బయటివాళ్లకి ఇదంతా పిచ్చిలా కనిపిస్తుంది. లోపలివాళ్లకి మాత్రం ఓడిపోయిన రోజున అన్నం సహించదు.

రోడెల్ ఓడిపోయిన కేసు పేరు ‘నీటిబొట్టు నావికుడు’. ఎప్పుడో వాళ్ల ఇలోంగో భాషలో నడిచిన వారపత్రికలో వచ్చిన బొమ్మల కథ. టోనియింగ్ అనే పడవవాడు తెడ్డు పైకెత్తుతాడు. తెడ్డు నుంచి బొట్టు జారుతుంది. ఆ బొట్టులో ఒక సముద్రం, ఆ సముద్రం మధ్యలో టోనియింగ్. మళ్లీ తెడ్డు ఎత్తుతాడు, మళ్లీ బొట్టు, మళ్లీ సముద్రం. అలా ఇల్లు వెతుక్కుంటూ పోతుంటాడు. ముగింపు రాకముందే పత్రిక మూతపడింది. చిన్నప్పుడు మంగలి షాపులో వంతు కోసం కూర్చుని, చిరిగిన ఆ పాత కాపీలు చదివాడు రోడెల్. అంతకంటే పెద్ద లోకం ఎక్కడా ఉండదని అప్పుడే తేల్చేసుకున్నాడు.

ఆ సాయంత్రమే జడ్జీకి విడిగా మెసేజ్ పెట్టాడు. ఆ తబో అనే ఆయన రిటైరైన హెడ్మాస్టరై ఉంటాడని, బట్టతల కూడా ఉంటుందని అతని ఊహ. అందుకే ‘అన్నగారూ’ అన్నట్టు ‘మనోంగ్’ అని మొదలుపెట్టాడు.

“మనోంగ్ తబో, అసలు మీరు ఆ కథ చదివారా?”

“చదివాను. రెండుసార్లు.”

“చదివి కూడా ఇలా అంటున్నారా? ప్రతి బొట్టులోనూ సముద్రం, ఆ సముద్రంలో మళ్లీ బొట్లు! ఇంకేం కావాలండీ మీకు?”

“డబ్బాలో డబ్బా, దాన్లో ఇంకో డబ్బా పెట్టారనుకోండి. ఎన్ని డైమెన్షన్లు?”

“మూడు.”

“వెయ్యి డబ్బాలు పెడితే?”

రోడెల్ అయిష్టంగా, “మూడే” అని కొట్టాడు.

“అదీ సంగతి. గీతలో బతికేవాడికి కాగితం తెలీదు. కాగితం మీద బతికేవాడికి గది తెలీదు. పై లోకంవాడు కింది లోకాన్ని గోడ మీద బొమ్మని చూసినట్టు మొత్తం ఒక్కసారే చూడగలగాలి. అప్పుడే ఒక డైమెన్షన్ పెరిగినట్టు. మీ టోనియింగ్ అలా చూసిన బొమ్మ ఒక్కటి పట్టుకురండి. నేనే ఒప్పుకుంటా.”

“తెస్తా.”

“తీరిగ్గానే తెండి. సముద్రం ఎక్కడికీ పోదు.”

రోడెల్ బొమ్మలు వెతికాడు. పాత పుస్తకాల షాపుల్లో దుమ్ము పీల్చాడు. దొరికినవి దొరికినట్టు పంపాడు. తబో ప్రతిదాన్నీ పట్టిపట్టి చూసి, “ఇది నీడ, ఇంకో లోకం కాదు” అనో, “ఇక్కడ సిరా ఒలికింది” అనో తిప్పికొట్టేవాడు. మొదట్లో రోడెల్‌కి ఒళ్లు మండేది. తర్వాత తర్వాత, సాయంత్రం ఆ తిప్పికొట్టుడు రాకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఒకరోజు గుంపులో అందరూ గొంతులతోనే వాదించుకునే సభ పెట్టారు. రోడెల్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నోట్లో మామిడి ముక్క వేసుకుని కూర్చున్నాడు.

“అందరికీ నమస్కారం. నేను తబో.”

అది ఆడపిల్ల గొంతు. నీగ్రోస్ దీవి యాస, మాట చివర సాగదీసి ఊయల ఊపినట్టు వదిలే యాస. ఆ యాసలో తిట్టినా జోల పాడినట్టే ఉంటుంది. మామిడి ముక్క రోడెల్ గొంతుకి అడ్డం పడింది.

“మీరు... మనోంగ్ కాదా?” అన్నాడు దగ్గుతూ.

“కాదు.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“మీరు అడిగితే కదా! ఆధారం లేకుండా తేల్చేశారు.”

సభలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. రోడెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు అతనేం వాదించాడో అతనికే గుర్తులేదు.

ఆమె పేరు హిమాయ. అవతలి దీవిలో, పులుపందన్‌లో ఉంటుంది. హైస్కూల్లో లెక్కలు చెప్తుంది. ఇలోయిలోకీ పులుపందన్‌కీ మధ్య గిమారస్ దీవి, దానికి ఇటొక పాయ సముద్రం, అటొక పాయ సముద్రం.

మెసేజ్‌లు పోయి ఫోన్లొచ్చాయి. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ‘రోడెల్ గారూ’ పోయి, ఇంట్లో మగపిల్లల్ని ముద్దుగా పిలిచే ‘తోతో’ వచ్చింది. ఆడపిల్లల్ని అలాగే ముద్దుగా పిలిచే ‘ఇందాయ్’ అన్న మాటతో అతను మొదటిసారి పిలిచిన రోజు, ఆమె పలకడానికి కాస్త సమయం తీసుకుంది.

“ఏమైంది? అలా పిలవకూడదా?”

“అలా అన్లేదు. మా అమ్మా నాన్నా తప్ప ఎవరూ పిలవరు. ఇంకోసారి అను, అలవాటు చేసుకుంటా.”

వాన పడితే ఇద్దరూ ఫోన్లు కిటికీలో పెట్టి, ఎవరి ఊళ్లో జోరుగా పడుతోందో పోల్చుకునేవాళ్లు. హిమాయ అక్కడ కూడా జడ్జీయే. “నీది రేకు మీద వాన తోతో, ఊరికే చప్పుడెక్కువ. కొట్టేస్తున్నా” అనేది.

ఒక సాయంత్రం రోడెల్ ఉండబట్టలేక అడిగాడు. “నీకు అనంతం అంటే ఎందుకంత పడదు? ఎవరు రాసినా కొట్టేస్తావ్.”

“మా నాన్న ఓడల్లో చేస్తాడు. తెలుసుగా?”

“ఊఁ.”

“ఫోన్ చేసినప్పుడల్లా ‘త్వరలో వచ్చేస్తా ఇందాయ్’ అంటాడు. చిన్నప్పుడు ఆ మాట విని కొత్త గౌను తీసి పెట్టుకునేదాన్ని. ఆయన వచ్చేసరికి గౌను పొట్టయిపోయేది.” నవ్వింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. “త్వరలో, ఎంతో, ఎప్పటికీ, అనంతం... ఇవన్నీ కొలత లేని మాటలు తోతో. అన్నవాడికి హాయిగానే ఉంటాయి. విన్నవాళ్లే కూర్చుని ఎదురుచూడాలి.”

రోడెల్‌కి వెంటనే, ‘నేను నీకోసం ఎంతకాలమైనా ఎదురుచూస్తా’ అనాలనిపించింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాడు.

‘నీటిబొట్టు నావికుడు’ గీసిన మనిషి బతికే ఉందని హిమాయే కనిపెట్టింది. లోలా పాసింగ్, అంటే పాసింగ్ అమ్మమ్మ అంటారట. గిమారస్ దీవిలో, సుక్లరన్ రేవు దగ్గర ఉంటుందట.

“వెళ్లి ఆవిడ్నే అడిగేద్దాం. నీ సముద్రం అనంతమా కాదా అని” అంది.

“ఎవరు, నువ్వూ నేనా?”

“లేదు, మా మేనత్తా మీ బోయెతూ! శనివారం పొద్దున మొదటి పడవెక్కి నువ్వు అటునుంచి రా. నేను ఇటునుంచి వస్తా. సుక్లరన్ రేవులో కలుద్దాం.”

శుక్రవారం సాయంత్రం హిమాయ, “రేపు నిన్నెలా గుర్తుపట్టను? ఫోటో పంపు” అంది. రోడెల్ తన ఫోటో తనే తీసుకుని, పెళ్లికూతుళ్ల బుగ్గలు నునుపు చేసే చేత్తో తన మొహం కూడా దిద్దబోయి, మానేసి, ఉన్నదున్నట్టు పంపాడు. చెవులు కాస్త పెద్దవి. జుట్టు మాట వినదు. ఆమె నుంచి జవాబు రాలేదు. రేపు చెప్తుందిలే అనుకున్నాడు.

తెల్లారేసరికి గాలి దిక్కు మారింది. రోడెల్ రేవుకి చేరేసరికి కోస్ట్ గార్డు వాళ్లు తుఫాను హెచ్చరిక పెట్టి పడవలన్నీ కట్టేయించారు. వాన అడ్డంగా కొడుతోంది. ఫోన్ తీసి, “పడవలు ఆపేశారు ఇందాయ్. ఇంకో వారం కలుద్దాం” అని మెసేజ్ పెట్టి, తడుస్తూ ఇంటికెళ్లిపోయాడు. దిగులుగానే ఉంది. ఆ దిగులు ఎవరికీ తెలియకుండా ఉండాలని గుంపులోకెళ్లి, “బయట వాన, చేతిలో వేడి బాచోయ్, ముందు మంచి వాదన. స్వర్గమంటే ఇంకెక్కడో లేదు!” అని రాశాడు.

ఆ రోజు తర్వాత హిమాయ ఫోన్ ఎత్తలేదు.

మెసేజ్‌లు చేరడం మానేశాయి. జడ్జీల వరసలోంచి తబో పేరు పోయింది. నీటిబొట్టు కేసు తేలకుండానే మిగిలిపోయింది.

“ఫోటో పంపావా?” అడిగాడు బోయెత్.

“పంపాను.”

బోయెత్ అతని మొహం వైపు కాసేపు చూసి, ఏమీ అనకుండా భుజం తట్టాడు. ఏదైనా అన్నా బాగుండేదనిపించింది రోడెల్‌కి.

నచ్చలేదు, అంతే. నచ్చలేదని చెప్పలేక తప్పుకుంది. ఇల్లు తెలుసుకుని వెళ్లి తలుపు కొట్టడం ఎంతసేపు? కానీ వద్దనుకున్న మనిషి గుమ్మంలో నిలబడటం ఏం మర్యాద? అలా అనుకుని ఊరుకున్నాడు. ఊరుకోవడం మాత్రం చేతకాలేదు. సాయంత్రం ప్రెస్సు నుంచి నేరుగా ఇంటికెళ్లకుండా రేవు గట్టు మీద కూర్చునేవాడు. ఎదురుగా గిమారస్ కొండలు నల్లగా కనిపించేవి. వాటి వెనక ఇంకో పాయ, దాని అవతల ఆమె ఊరు. ఇక్కడ వాన మొదలైతే అక్కడా పడుతోందేమో అనుకునేవాడు. రేకు మీద చప్పుడు వింటే, ‘కొట్టేస్తున్నా’ అన్న గొంతు వినిపించేది. ఆ ఊయల యాసలో ఎవరు మాట్లాడినా, బజారులో చేపలమ్మే ఆవిడైనా సరే, నడక ఆపి వినేవాడు. ఒకరోజు అలా విని విని, అక్కర్లేకపోయినా అరబుట్ట రొయ్యలు కొన్నాడు.

వానలు పోయాయి. మామిళ్లు పూసి కాయలయ్యాయి. అప్పుడొచ్చింది కొత్త జడ్జీ తీర్పు.

“నీటిబొట్టు నావికుడు: ఆధారాలు బాగున్నాయి. అనంతం. డైమెన్షన్లు కూడా అనంతం. ఒప్పుకున్నాం. అభినందనలు!”

గుంపంతా చప్పట్ల బొమ్మలు పంపింది. బోయెత్ సొంత డబ్బుతో బాచోయ్ తెప్పించాడు. రోడెల్ తీర్పుని కిందనుంచి పైకి, పైనుంచి కిందకి చదివాడు. ఎక్కడా ‘డబ్బాలో డబ్బా’ లేదు. ‘సిరా ఒలికింది’ లేదు. ఎవరూ ఒక్క బొమ్మనైనా పట్టి చూసినట్టు లేదు. ఇంతకాలం కోరుకున్న గెలుపు ఇదేనా అనిపించింది.

“ఇదిగో, తినరా. గెలిచావుగా!”

“ఇది గెలుపు కాదురా. చూడకుండా సంతకం పెట్టేశారు” అన్నాడు రోడెల్.

మర్నాడు శనివారం. మొదటి పడవెక్కి గిమారస్ వెళ్లాడు. జీప్నీ అనే షేర్ బండిలో కొండలెక్కి దిగి, గాలిమరల పక్కనుంచి సుక్లరన్ చేరాడు. లోలా పాసింగ్ ఇల్లు అడగ్గానే చూపించారు. పొట్టి మనిషి. తల ముగ్గుబుట్ట. వాకిట్లో పీట మీద కూర్చుని, ఎండబెట్టడానికి మామిడి ముక్కలు కోస్తోంది.

“లోలా, నా పేరు రోడెల్. ఇలోయిలో నుంచి వచ్చాను. మీ బొమ్మల కథ గురించి...”

ఆవిడ కత్తి ఆపి, కళ్లద్దాల మీదుగా అతని చెవుల వైపు చూసింది.

“నువ్వేనా ఆ బాచోయ్ గాడివి?”

రోడెల్‌కి అర్థం కాలేదు. “ఏ బాచోయ్ లోలా?”

“వానట, వేడి బాచోయట, స్వర్గమట! ఆ పిల్ల ఇక్కడే, ఈ గుమ్మంలోనే తడి జుట్టుతో నిలబడి ఫోన్‌లో చదివి వినిపించింది. నీ మొహం ఫోటో కూడా చూపించింది. మంచివాడిలానే ఉన్నాడే అన్నాను అప్పుడు, నా కళ్లు మండ!”

“హిమాయ... ఆ రోజు వచ్చిందా?”

“రాకేం! హెచ్చరిక పెట్టకముందే వాళ్ల రేవులో మొదటి పడవ బయల్దేరింది. దిగాక సముద్రం మూతపడింది. వెనక్కి పోవడానికి లేదు. పొద్దుననుంచీ రేవులో కూర్చుని, సాయంత్రానికి వణుక్కుంటూ ఇక్కడికొచ్చింది. బట్టలు మార్చుకోమంటే వింటేనా? వీధిలో ట్రైసికిల్ చప్పుడైతే చాలు, గుమ్మంలోకి పరిగెత్తడం. ‘జీప్నీలో చుట్టు తిరిగి వస్తాడేమో లోలా’ అంటుంది. సముద్రం మీద జీప్నీ ఎక్కడైనా నడుస్తుందా? లెక్కల టీచరట పైగా!”

రోడెల్ ఆవిడ ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

“నాకు తెలీదు లోలా. వాళ్ల వైపు కూడా పడవలు ఆగిపోయాయనుకున్నా.”

“అనుకున్నావ్. అడిగావా?”

లోలా పాసింగ్ ఒక మామిడి ముక్క అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“తిను. ఏడవడానికి తర్వాత టైముంటుంది. ఎందుకొచ్చావో అది అడుగు.”

“మీ సముద్రం... అనంతమా లోలా? ఎన్ని డైమెన్షన్లు?”

“కాగితానికి పొడవూ వెడల్పే ఉంటాయి. మూడోది నేనెక్కణ్ణించి తేనురా!” ఆవిడ నవ్వింది. తర్వాత కత్తి పక్కన పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుంది. “ఆ పిల్ల కూడా ఇదే అడిగింది. దానికి చెప్పిందే నీకూ చెప్తా. చివరి వారానికి బొమ్మలు గీసి ఉంచాను. పత్రిక మూశారు, ఎలకలు తిన్నాయి. టోనియింగ్ ఇంటికి చేరతాడు. వాళ్లావిడ కల్లుసీసా దాచేసి, ఇంతసేపు ఎక్కడ చచ్చావంటుంది. అదే ముగింపు. అంతులేని సముద్రమైతే వాడు ఎప్పటికి చేరతాడు? చేరలేని సముద్రంలోకి వాణ్ణి తోసి నేను హాయిగా అన్నం తింటానా? చాలా పెద్ద సముద్రమే అది. కానీ దాటొచ్చు.”

“హిమాయ ఏమంది?”

“‘నేనే గెలిచాను లోలా’ అంది. అని, నా భుజం తడిసేలా ఏడ్చింది.”

రోడెల్ లేచాడు. ఆ వాకిట్లోనే నిలబడి గుంపులో రాశాడు. “నీటిబొట్టు తీర్పు వెనక్కి తీసుకోండి. గీసిన మనిషినే అడిగాను. సముద్రానికి ఒడ్డుంది. నా వాదన తప్పు. తబో మొదటి రోజు చెప్పిందే నిజం.” పంపేసి, “లోలా, పులుపందన్ పడవ ఎప్పుడు?” అన్నాడు.

“ఇప్పుడే. పరిగెత్తు. ఒరేయ్, ఆ మామిడి ముక్క తినేసి పరిగెత్తు!”

అవతలి రేవులో ట్రైసికిలతను, “ఎవరు, హిమాయ మేడమా? మావాడికి లెక్కల్లో సున్నా వేసిన మేడమేగా? ఎక్కండి, ఆవిడ ఇల్లు తెలియకపోవడమేం!” అన్నాడు.

ఇంటి పక్క సందులో ఒక అమ్మాయి బట్టలు ఆరేస్తోంది. ఆమె ఫోటో ఎప్పుడూ చూడలేదు రోడెల్. అయినా దుప్పటి అంచులు రెండూ సరిగ్గా కలిపి, వంకర ఉందేమోనని వెనక్కి జరిగి చూసే తీరు చూసి, ఆమేనని తెలిసిపోయింది.

“ఇందాయ్.”

దుప్పటి తీగ మీద సగంలో ఆగింది. ఆమె వెంటనే తిరగలేదు.

“ఎలా వచ్చావ్?”

“పడవలో.”

“ఎందుకొచ్చావ్?”

“ఆ రోజు రావాల్సింది. ఆలస్యమైంది.”

హిమాయ తిరిగింది. మొహంలో కోపమే ఉంది. గొంతు మాత్రం ఊయలే. “బాచోయ్ తినే వచ్చావా?”

“లోలా పాసింగ్ చెప్పేదాకా నువ్వు వచ్చావని నాకు తెలీదు. ఒట్టు. పడవలు మీకూ ఆపేశారనుకున్నా.”

“పడవలు ఆగాయని నాకూ తెలుసు తోతో. దానికి కాదు.” ఆమె తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. “‘బయల్దేరావా?’ అని అడగాలిగా! ఒక్క మాట. నువ్వు అడగలేదు. నేను రేవులో కూర్చుని, ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని ఫోన్ తుడుచుకుంటూ ఉన్నా. లోలా ఇంటికొచ్చాక సిగ్నల్ వచ్చింది. ముందు నీ స్వర్గం వచ్చింది, ఆ వెనక ‘ఇంకో వారం’ వచ్చింది.”

“ఆ రాసింది అబద్ధం. బాచోయ్ గొంతు దిగలేదు.”

“మరి ఎందుకు రాశావ్?”

“దిగులు కనపడకూడదని.”

“కనపడితే ఏం పోయింది?”

రోడెల్ చెవి తడుముకుని, “నా ఫోటో నచ్చక వెళ్లిపోయావనుకున్నా” అన్నాడు.

హిమాయ కళ్లు పెద్దవి చేసింది. “ఇన్ని నెలలూ అదే అనుకున్నావా?”

“చెవులు కొంచెం...”

“చెవులు పెద్దవే. ఆ ఫోటో చూసి, జవాబేం రాయాలో తెలీక, పొద్దున్నే అందరికంటే ముందు రేవులో నిలబడ్డా. అందుకేగా హెచ్చరిక పెట్టకముందే పడవెక్కేశాను!” అని, తన మాటకి తనకే నవ్వొచ్చి, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది.

రోడెల్ ఒక అడుగు ముందుకేశాడు. “ఇందాయ్, నువ్వంటే నాకు ఎంత...”

“ఆగు. ఆ మాట అనకు.”

“అనను. కొలిచే చెప్తా.” అతను వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. “వచ్చే శనివారం వస్తా. ఆ పై శనివారమూ వస్తా. తుఫానొస్తే రాలేను, ముందే చెప్తున్నా. ఎన్నికలప్పుడు ప్రెస్సులో పని పడితే ఒకటీ రెండూ తప్పుతాయి. మా చెల్లి పెళ్లికి ఒకటి. జ్వరమొస్తే ఒకటి. మిగతా శనివారాలన్నీ నీవి.”

“చాలా తక్కువుంది.”

“తక్కువే. ఇందులో అబద్ధం లేదు.”

ఆమె అతని మొహాన్ని, పాత బొమ్మల్ని పట్టిపట్టి చూసినట్టు చూసింది. సిరా ఒలికిన చోటు వెతికినట్టు.

లోపల్నుంచి వాళ్లమ్మ వచ్చింది. ఎప్పుడొచ్చిందో, కిటికీ దగ్గర ఎంత విందో తెలీదు. చేతిలో గరిటె ఉంది.

“ఎవరే ఇతను?”

“ఇలోయిలో నుంచమ్మా. రోడెల్.”

“ఓహో. ఆ రోజు వానలో నిన్ను ముంచినవాడు.” ఆవిడ రోడెల్‌ని కిందికీ పైకీ చూసింది. “మీ నాన్న పెళ్లికి ముందూ తర్వాతా కూడా ఫలానా రోజు వస్తానని ఒక్కసారి చెప్పి ఎరగడు. వీడు రాలేని రోజులు కూడా చెప్తున్నాడు.” గరిటె లోపలికి చూపించింది. “తోతో, అన్నం తిన్నావా? రా, కూర్చో. కోడికూర దింపుతున్నా.”

హిమాయ అమ్మ వైపు చూసి, అతని వైపు చూసి, దుప్పటి రెండో అంచు అతని చేతికిచ్చింది. “పట్టుకో. అటు వంకరుంది” అంది.

సాయంత్రం ఆఖరి పడవకి ఆమె రేవుదాకా వచ్చింది. పడవ కదిలాక రోడెల్ వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఆమె చిన్నదై, ఇంకా చిన్నదై, గట్టు మీద పసుపు గౌను చుక్కయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు. దిగులు అలాగే ఉంది. కాకపోతే ఈసారి దాన్ని ఎక్కడా దాచుకోలేదు. ఇల్లు చేరగానే, “దిగులుగా ఉంది” అని మెసేజ్ పెట్టాడు. “నాకూ. వచ్చే శనివారం నేనే సుక్లరన్ వస్తా. లోలాతో ముగింపు మళ్లీ గీయిద్దాం” అని వచ్చింది.

ఆ శనివారం పొద్దున సన్నగా జల్లు మొదలైంది. రోడెల్ ఇలోయిలో రేవులో టికెట్ చేతిలో పట్టుకుని ఫోన్ చేశాడు.

“ఇందాయ్, బయల్దేరావా?”

జవాబుగా ఆమె ఫోన్ అలా ముందుకు చాపి పట్టుకుంది. ఇంజను టకటకలు, చెక్కకి నీళ్లు కొట్టుకునే చప్పుడు, జల్లు, వాటి మధ్య ఎవరో కోళ్లబుట్ట జరపమని అరవడం.

రోడెల్ వింటూనే పడవెక్కాడు.